తూర్పు ఆసియాలో మార్గలిపి - దేశిలిపి

తూర్పు ఆసియా నాగరకతా చరిత్రను వ్రాయువారు సాధారణముగ చీనాదేశమును దీపముగను, కొరియా జపాను దేశములను ఆ దీపమునుండి వెలిగించుకొన్న ప్రమిదలుగను వర్ణించుచుందురు. లిపి, కాగితము, రాజ్యాంగ పద్ధతి, ధర్మశాస్త్రము, చీనాలో రూపుదిద్దుకొన్న బౌద్ధము - ఇవన్నియు అచటినుండియే వచ్చినవి కావున ఈ వర్ణనము అసత్యమనజాలము. కాని అది అసంపూర్ణము. ఎరువు తెచ్చుకొన్న అక్షరములతో తమ నోటిమాటను వ్రాసికొనుటకు ఆ జనులు పడిన పాట్లును, అందులకు తమ పండితులనుండియే వారికి కలిగిన ప్రతిఘటనమును ఈ వర్ణనమున కానరావు. మన ప్రాచీనులు సంస్కృత సంప్రదాయమును మార్గమనియు, ప్రాంతీయ సంప్రదాయమును దేశి యనియు వ్యవహరించిరి. సౌకర్యమునకై ఆ సంజ్ఞలనే గ్రహించి, చీనాక్షరములను మార్గలిపి యనియు, జపాను కొరియా జనులు తమ భాషలకై కల్పించుకొన్న వానిని దేశిలిపులనియు ఈ వ్యాసమున పేర్కొందుము.

మొదట మార్గలిపి స్వభావమును గ్రహింపవలెను. హొనాన్ మండలమున అన్యాంగ్ వద్ద తాబేటిచిప్పలపైనను ఎడ్ల జబ్బయెముకలపైనను షాంగ్ రాజులు దైవప్రశ్నలను చెక్కించిరి. వీనిలో మిక్కిలి ప్రాచీనములు క్రీస్తునకు పూర్వము 13వ శతాబ్దినాటివి. మందుల అంగళ్లలో డ్రాగను ఎముకలను పేర అమ్ముడుపోవుచుండిన ఈ శకలములపై లేఖనమున్నదని 1899లో పండితులు గుర్తించిరి. 1928 నుండి శాస్త్రీయముగ త్రవ్వకములు సాగినవి. నాటి గుర్తులకును నేటి చీనాక్షరములకును నడుమ తెగని వంశక్రమము కలదు. క్రీ.పూ. 221లో చిన్ చక్రవర్తి రాజ్యములన్నిటిని జయించి, లిపిని గూడ ఏకరూపము గావించెను. క్రీ.శ. 100 ప్రాంతమున షూ షెన్ రచించిన నిఘంటువు 9,353 అక్షరములను 540 శీర్షముల క్రింద విభజించినది. ఇందలి ప్రతి యక్షరమును సాధారణముగ ఒక పదమునకో పదాంశమునకో గుర్తు. ప్రాచీన చీనా రచనాభాషలో నామమునకు విభక్తి ప్రత్యయములు లేవు. క్రియకు పురుషవచన భేదము లేదు. పదముల వరుసయే చాలవరకు అర్థమును నిర్ణయించును. అట్టి భాషకు అట్టి లిపి తగియున్నది.

కొరియా జపాను భాషల తీరు వేఱు. వానిలో నామమునకు ప్రత్యయము చేరును; క్రియకు ప్రత్యయముపై ప్రత్యయము చేరును; క్రియ వాక్యాంతమున నిలుచును. 'చెట్టు' అను మాటకు ఒక గుర్తున్నది సరియే. 'చెట్టునకు', 'చెట్టునుండి' అనుటకు గుర్తేది? 'వచ్చు'నకు గుర్తున్నది, 'వచ్చియుండలేదు' అనుటకు గుర్తేది? ఈ చిక్కు ఎట్టిదో తెలుగు చదువరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఈ పోలికను పట్టుకొని ఆ భాషలకును మన భాషకును చుట్టఱికము కలుపుట మా యుద్దేశము కాదు. అట్టి ప్రయత్నములు చేసినవారు లేకపోలేదు గాని, వానికి ప్రమాణము చాలదు.

కొరియాలోని కొగుర్యొ రాజ్యమున 372లోనే రాజవిద్యాలయము ఏర్పడెను. 414లో నిలిపిన గ్వాంగ్గేతో రాజు మహాశాసనము మార్గలిపిలోనే యున్నది. జపానునకు ఈ విద్యను తెచ్చినవాడు వానీ అను పండితుడనియు, అతడు కన్ఫూషియసు సూక్తిగ్రంథమును, సహస్రాక్షరి అను బాలశిక్షను వెంట తెచ్చెననియు జపాను పురాణేతిహాసము చెప్పుచున్నది. ఆ సహస్రాక్షరి చీనాలో 6వ శతాబ్దిలో గాని పుట్టలేదు. వానీ కాలమో అంతకు పూర్వమందురు. కథలకు కాలము పట్టింపులేదు గదా! ఇనారియామ దిబ్బలో 1968లో బయల్పడిన ఇనుప ఖడ్గము దృఢతర ప్రమాణము. దానిపై బంగారుతీగతో పొదిగిన 115 అక్షరములు 1978లో ఎక్స్‌రే ఛాయాచిత్రమున కనబడినవి. వాని కాలము 471 అని పెక్కుర నిర్ణయము. ఆ శాసనము చీనాభాషలోనిదే. కాని అందలి జపాను రాజుల, వీరుల పేర్లు వచ్చునప్పుడు లేఖకుడు అక్షరముల యర్థమును విడిచి ధ్వనిని మాత్రము గ్రహించెను. దేశిలిపికి బీజము అచట పడినది.

ఆ బీజము మొలకెత్తుటకు కాలము పట్టెను. 712లో 'కొజికి' అను ఇతిహాసమును సంకలనము చేసిన ఓ నో యసుమరో పీఠికలో తన సంకటమును చెప్పుకొనెను. అక్షరములను అర్థమునకే వాడినచో మాటలోని హృదయము అందదు. ధ్వనికే వాడినచో గ్రంథము మితిమీరి పెరుగును. అతడు రెండింటిని కలిపి పని నడపెను. సుమారు 4,500 పద్యములుగల 'మన్యోషు' సంకలనమందు ధ్వనికై వాడిన చీనాక్షరములు పుష్కలముగ కలవు. వీనిని త్వరితముగ వ్రాయగా వ్రాయగా గుండ్రదేలి 'హిరగన' పుట్టెను. బౌద్ధ భిక్షువులు సూత్రగ్రంథముల పంక్తుల ప్రక్కన ప్రత్యయములను సూచించుటకై అక్షరపు ముక్కను మాత్రము వ్రాసికొనగా 'కతకన' పుట్టెను. ఏ రాజాజ్ఞయు వీనిని పుట్టింపలేదు.

హిరగనకు 'స్త్రీహస్తము' అను పేరుండెను. పురుషులు రాజకార్యములను చీనాభాషలో వ్రాసిరి. ఉత్తరములు, ప్రణయపద్యములు, కథలు హిరగనలో నడచెను. 935 ప్రాంతమున కి నో త్సురయుకి అను కవి, తొసా మండలాధిపత్యము ముగించుకొని రాజధానికి మరలివచ్చిన ప్రయాణమును హిరగనలో దినచర్యగ వ్రాయదలచి, తాను స్త్రీనని చెప్పుకొని వ్రాసెను! తొసాలో మరణించిన కూతును గూర్చిన దుఃఖము ఆ గ్రంథమునిండ నున్నది. అట్టి దుఃఖమును తల్లిభాషలో చెప్పుటకు ఒక ప్రౌఢ పురుషునకు స్త్రీవేషము కావలసివచ్చెను. అతనికి తరువాతి శతాబ్దిలో మురసకి షికిబు 'గెంజి' కథను రచించెను. తమ్ముడు చీనాగ్రంథములు వల్లించుచుండగా విని అతనికంటె వేగముగ తాను నేర్చితిననియు, ఈమె మగబిడ్డగ పుట్టదాయెనే యని తండ్రి వగచెననియు ఆమెయే తన దినచర్యలో చెప్పినది. మార్గవిద్య వచ్చియు దానిని దాచుకొనవలసి వచ్చిన ఆ విదుషి దేశిలో వ్రాసిన గ్రంథమే నేడు జపాను సారస్వతమునకు శిఖరముగ నెన్నబడుచున్నది.

ఇచట మనకు సంబంధించిన విషయ మొకటి కలదు. జపాను బడిపిల్లలు నేర్చు అక్షరపట్టికకు 'గొజూఒన్', అనగా ఏబది ధ్వనులు, అని పేరు. అందు అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ. హల్లుల వరుస క, స, త, న, హ, మ, య, ర, వ. పెద్దబాలశిక్ష చదివిన చెవికి ఈ వరుస ఎక్కడనో విన్నట్లు తోచును. స, హ లు మాత్రము అడ్డుతగులును. నేటి హకారము ప్రాచీన జపాను భాషలో పకారమనియు, సకారము చకారమునకు దగ్గఱగ నుండెననియు భాషాశాస్త్రజ్ఞుల యభిప్రాయము. వానిని యథాస్థానముల నిలిపినచో క, చ, త, న, ప, మ, య, ర, వ అగును. తకారము వెంట దంత్యానునాసికము, పకారము వెంట ఓష్ఠ్యానునాసికము, పిదప అంతస్థములు: ఇది మన వర్ణసమామ్నాయమే. మంత్రములను శుద్ధముగ నుచ్చరించుటకై జపాను భిక్షువులు 'సిద్ధము' అను భారతీయ లిపిని అభ్యసించిరి. బోధిసేనుడను భారతీయ భిక్షువు 736లో జపాను చేరి, 752లో తోదైజీ మహాబుద్ధ విగ్రహమునకు నేత్రోన్మీలనము గావించెను. 804లో చీనాకేగిన కూకై సిద్ధగ్రంథములను కొనివచ్చెను. ఏబది ధ్వనుల పట్టిక 11వ శతాబ్ది గ్రంథములలో కనబడుచున్నది. మొదట దాని వరుస స్థిరముగ లేకుండెను. ఇట్లు రూపము చీనానుండి, క్రమము భారతమునుండి గ్రహించి జపాను తన లిపిని దిద్దుకొనెను.

కొరియా కథ ఇంత సుఖముగ సాగలేదు. ప్రత్యయములను చీనాక్షరములతోనే సూచించు 'ఇదు' అను పద్ధతి గుమస్తాల పాలయ్యెను. దేశభాషలోని 'హ్యాంగ్గా' గీతములు నేటికి మిగిలినవి 25 మాత్రమే. 958లో చీనా పద్ధతి ననుసరించి ఉద్యోగ పరీక్షలు నెలకొన్న పిదప చదువనగా మార్గవిద్యయే యయ్యెను. ఈ స్థితిలో సేజోంగ్ రాజు 1443వ సంవత్సరపు చివరి చాంద్రమాసమున 28 అక్షరముల నూతన లిపిని సిద్ధపఱచి 1446లో ప్రకటించెను.

రాజు లిపి కల్పించిన కొలది నెలలకే, 1444లో, రాజపండిత మండలియందలి చ్వే మల్లి సహాధ్యాయులతో కలిసి నిరసనపత్రము సమర్పించెను. ప్రత్యేక లిపులున్నవారు మంగోలులు, టిబెట్టువారు, జపానువారు మున్నగు అనాగరకులే. నాగరక చీనాను విడిచి మనము వారి పంక్తిని చేరుదుమా యని అతని మొదటి యాక్షేపము. సులభమైన అక్షరములతోనే ఉద్యోగము దొరకినచో శ్రమించి శాస్త్రములు చదువువాడెవడని రెండవది. చదువురాని వారికి నేరవిచారణలో అన్యాయము జరుగుచున్నది గనుక వారి వాఙ్మూలము వారి భాషలోనే చదివి వినిపింపవలెనని రాజు తలంపు. దానికి మల్లి ఇట్లు బదులు చెప్పెను: చీనాలో మాటయు వ్రాతయు ఒక్కటే యైనను అన్యాయపు తీర్పులు కొల్లలు, న్యాయము అధికారి గుణమునుబట్టి యుండును గాని లిపినిబట్టి కాదు. ఈ చివరి మాటను తేలికగ త్రోసివేయరాదని మా యభిప్రాయము. అందు సగము సత్యము కలదు. కాని తనపై వ్రాసినదేమో తెలియనివాడు అధికారి గుణమును పరీక్షించుటెట్లు? ఆ ప్రశ్న మల్లికి తట్టలేదు. రాజు అతనిని ఒక దినము చెఱనుంచి విడిచెను.

లిపిని వివరించు 1446నాటి భాష్యగ్రంథము చిరకాలము మఱుగుపడి 1940లో దొరకెను. అంతవఱకు ఆ యక్షరముల పుట్టుకను గూర్చి పండితులు కిటికీచట్రముల వఱకు పోయి ఊహలల్లిరి. భాష్యము దొరకగా తేలినదేమన, మూల హల్లులు ఉచ్చారణాంగముల చిత్రములు. కకారపు గుర్తు గొంతును మూయు నాలుకమొదలు. నకారపు గుర్తు పైకి తగులు నాలుకకొన. మకారపు గుర్తు నోరు. ధ్వనులను స్థానములనుబట్టి విభజించుట చీనా ధ్వనిశాస్త్రమునుండి వచ్చినది. ఆ శాస్త్రమును తీర్చుటలో భారతీయ శిక్షాశాస్త్రము నెఱిగిన బౌద్ధులకు భాగము కలదు. టిబెట్టు లిపినుండి పుట్టిన ఫాగ్స్‌పా అక్షరములు కొన్నిటికి ఆదర్శమని వాదించువారును కలరు. ఆ వాదము సర్వసమ్మతము కాదు.

పండితులు ఈ లిపిని 'గ్రామ్యలేఖ' యని చిన్నచూపు చూచిరి. రాజదూషణపు ప్రకటనలు ఆ లిపిలో వెలసినవని 1504లో యొన్సాన్ దానిని నేర్పుట నిషేధించెను. అది అంతఃపురములలో, స్త్రీల యుత్తరములలో బ్రదికెను. అది అచట దాచిన దేమో ఒక్క యుదాహరణముతో తెలియును. 1762లో యొంగ్జో రాజు తన కుమారుడగు సాదో యువరాజును బియ్యపుపెట్టెలో బంధింపగా అతడు అందే మరణించెను. 1776లో, తరువాత చొంగ్జో రాజైన సాదో కుమారుని ప్రార్థనపై, రాజకార్యాలయ దినచర్యయందలి ఆ వృత్తాంతభాగములు నీట కడిగివేయబడెను. ఆ దినచర్య మార్గలిపిలోనిది. సాదో భార్య హ్యెగ్యొంగ్ 1795 మొదలు 1805 వఱకు దేశిలిపిలో తన జ్ఞాపకములను నాలుగు భాగములుగ వ్రాసెను. భర్త మతిచాంచల్యమును గాని, మామగారి కాఠిన్యమును గాని ఆమె మఱుగుపఱుపలేదు. నేడు ఆ దారుణమును లోపలినుండి తెలిసికొనగోరు చరిత్రకారుడు ఆమెను ఆశ్రయింపవలసినదే.

వియత్నాములో చీనాక్షరముల మాదిరిగనే కొత్త యక్షరములను కూర్చి 'నోమ్' లిపిని కల్పించిరి. న్గుయెన్ జూ కవి 3,254 పాదముల 'కియే' కథ ఆ లిపి ఫలము. కొరియాలో 1894లో రాజశాసనములకు దేశిలిపి మూలమని ఆజ్ఞ వెలువడెను. 1896లో ఆ లిపిలోనే అచ్చయిన వార్తాపత్రిక 'తోంగ్నిప్ సిన్మున్' పదములను విడదీసి ముద్రించెను.

మార్గమునకు పుట్టినిల్లగు చీనాలోను, పలుకునకు దూరమైన ప్రాచీన రచనాభాషకును వాడుకభాషకును పెనగులాట రాకపోలేదు. వాడుకభాషలో పెద్దకథలు శతాబ్దులుగ నున్నను వానికి సభామర్యాద లేకుండెను. 1905లో ఉద్యోగ పరీక్షలు రద్దయినవి. 1917లో హూ షీ వాడుకభాషా రచనకై వ్యాసము ప్రకటించెను. 1918లో లూ షున్ 'పిచ్చివాని దినచర్య' అను కథ వ్రాసెను. ఆ కథకు ముందున్న పీఠిక ప్రాచీన భాషలో నున్నది. పిచ్చివాడు వ్రాసికొన్న దినచర్య వాడుకభాషలో నున్నది.