గాన ప్రతులు



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో పద్యనాటకము నెరుగని పెద్దలుండరు. తెల్లవారుదాక సాగెడి ఆ ప్రదర్శనములలో నటుడు పద్యము ముగించి రాగ మెత్తుకొనెనా, ప్రేక్షకులకు కాలము తెలిసెడిది కాదు. కాని తెర పడగానే ఆ గానము గాలిలో గలిసిపోయెడిది. దానిని నిలిపి, ప్రతులు తీసి, పదుగురకు పంచుటకై జరిగిన ప్రయత్నముల చరిత్రయే నేటి ప్రసంగ విషయము.

1902లో గైస్‌బర్గు అను దొర కలకత్తాకు వచ్చి గ్రామఫోనుకు మన దేశపు గానమును పట్టెను. 1908లో ఆ నగర సమీపముననే రికార్డులను అచ్చొత్తు కర్మాగారము వెలసెను. ఆ 1902లోనే బాపట్లలో జన్మించి, తెనాలి శ్రీరామవిలాస సభ నాటకములలో స్త్రీపాత్రలకు ప్రసిద్ధికెక్కిన స్థానం నరసింహారావుగారి గానము, రికార్డుల మూలమున నాటకము చూడనివారి చెవులకును సోకినది. అయినను ఆ లక్క పలక ఒక్కొక్క ప్రక్క ఇంచుమించు మూడు నిమిషములే పాడును. రంగస్థలముపై నిడివిగా సాగిన రాగమును అందులో కుదింపక తప్పలేదు.

ఈ కొరతను తీర్చినది టేపు. 1928లో జర్మనీలో ప్ఫ్లాయ్‌మర్ అనునతడు కాగితపు పట్టీకి అయస్కాంత గుణము గల పొడి నంటించి శబ్దమును పట్టు ఉపాయము కనుగొనెను. 1935లో బెర్లిను ప్రదర్శనమున మాగ్నెటోఫోను యంత్రము లోకమునకు కనబడెను. యుద్ధానంతరము ముల్లిన్ అను అమెరికా సైనికోద్యోగి అట్టి యంత్రములను తన దేశమునకు కొనిపోయి, 1946లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వినిపించెను.

మనకు చెవులు రెండు. మద్దెల ఎడమ ప్రక్కను, హార్మోనియము కుడి ప్రక్కను మ్రోగుచున్నట్లు మన కెరుక యగుట అందువలననే. ఈ ఎరుకను నిలుపుటకు, ఒకే టేపుమీద రెండు జాడలుగా ధ్వనిని పట్టుటకు స్టీరియో అని పేరు. 1954లో ఆర్‌.సి.ఏ. విక్టర్‌వారు అమెరికాలోను, 1955లో ఇ.ఎం.ఐ.వారు ఇంగ్లండులోను అట్టి టేపులను విక్రయింప నారంభించిరి. స్టీరియో పలకలు అంగడికి వచ్చినది 1957-58లలో గాన, అంతవరకు ఈ విద్యకు టేపే ఆధారము. తొలినాటి అమెరికా యంత్రములు కొన్నిటిలో రెండు జాడలను చదువు తలలు ఒకటింబావు అంగుళము ఎడముగా నుండెడివి. తరువాతి వానిలో ఒకే వరుసన అమర్చిరి. ఒక పద్ధతి టేపు రెండవ యంత్రముపై పొసగదు.

ఇక ప్రతుల మాట. పలకను అచ్చునొత్తిన క్షణములలో తయారగును. టేపు అట్లు గాదు. మొదటినుండి తుదిదాక నడిపింపవలసినదే. పూర్వము తాటాకు గ్రంథమును ఒకడు చదువుచుండ పలువురు లేఖకులు వ్రాసికొనునట్లు, ఒక మాతృక టేపును నడపుచు, దానికి తగిలించిన అనేక యంత్రములపై ఒక్కసారే ప్రతులు తీసిరి. వేగమును ఎనిమిది రెట్లు హెచ్చించినచో అరగంట గానము నాలుగు నిమిషములలోపుననే దిగును. ఇంత చేసినను టేపు వెల పలకకంటె మిక్కుటమై, ధనవంతులకే దక్కెను.

సామాన్యునికి దానిని చేరువ చేసినది 1963లో ఫిలిప్స్‌వారు వెలువరించిన చిన్న క్యాసెట్టు. 1980 దశకమున మన పల్లెలలో సయితము పద్యనాటకముల క్యాసెట్లు అమ్ముడుపోయినవి. 1974లో ఘంటసాలవారి మరణానంతరము వెలువడిన భగవద్గీత గానము క్యాసెట్టై ఇంటింట మ్రోగినది. అయితే ప్రతి తీయుట సులభమైనకొలది దొంగప్రతులును పెరిగినవి. పాడినవానికి రావలసినది రాలేదు.

మరియొక హాని కలదు. ప్రతికి ప్రతి తీసినకొలది, లేఖకుల చేతిలో పాఠము చెడినట్లు, టేపులో బుసధ్వని హెచ్చును. పైగా టేపును చెరిపి మరల వాడవచ్చును. ఈ సౌలభ్యమే శాపమై, పెక్కు దేశముల ప్రసార సంస్థలలో అపురూపములైన గానములు నశించినవి. తడికి బూజుపట్టి చెడినవి వేరు.

కావున మీ ఇండ్లలో పాత క్యాసెట్లున్నయెడల పారవేయకుడు. వానిపై మరియొకటి పట్టకుండ, వెనుక అంచుననున్న చిన్న రేకులను విరిచివేయుడు. తెలిసినవారిచేత కంప్యూటరులోనికి ఎక్కింపుడు. పాడినవారి పేరు, నాటకము, ఊరు, సంవత్సరము కాగితముపై వ్రాసి జతచేయుడు. కంపెనీలు అమ్మిన ప్రతులు వేరొకచోట దొరకవచ్చును. మీ ఊరి తిరునాళ్లలో మీరే పట్టిన టేపునకు మాత్రము రెండవ ప్రతి లేదు, మాతృకయు అదియే.