తొడ దారిన గుండెకు: కవాట చికిత్స చరిత్ర, నర్సుల కొత్త చదువు

మిడుతూరు వంటి మండల కేంద్రంలో కవాటవ్యాధి తన పేరు చెప్పుకొని రాదు. చేను నుండి ఇంటికి వచ్చే దారిలో రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకునే వృద్ధుడు దానిని వయసు ఖాతాలో వేసుకుంటాడు. నిండు గర్భిణి ఆయాసపడితే, ఈ సమయంలో మామూలేనని ఇంటివారు సర్దిచెబుతారు. ఆ వృద్ధునికి బృహద్ధమని కవాటం సున్నపు పేరుకుపోతతో బిగుసుకొని ఉండవచ్చు. ఆమెకు చిన్ననాటి కీళ్లవాతపు జ్వరం మైట్రల్ కవాటాన్ని ఇరుకు చేసి ఉండవచ్చు. ఈ మాటలు మొదట చెవినపడేది ఆరోగ్య కేంద్రంలోని నర్సుకే.

1925లో లండనులో హెన్రీ సుట్టర్ ఒక ఆడపిల్ల గుండెలోనికి వేలు చొప్పించి, ఇరుకైన మైట్రల్ కవాటాన్ని వెడల్పు చేశాడు. ఆమె బతికింది, అయినా తోటి వైద్యులు ఆయన వద్దకు మరొక రోగిని పంపలేదు. 1948లో అమెరికాలో బెయిలీ, హార్కెన్, ఇంగ్లండులో బ్రాక్ ఆ పనిని తిరిగి చేపట్టేసరికి ఇరవైమూడేళ్లు వృథా అయ్యాయి. 1960లో స్టార్-ఎడ్వర్డ్స్ కృత్రిమ కవాటం, 1990లో తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ వారి స్వదేశీ కవాటం వచ్చాయి. ఇవన్నీ ఛాతీ తెరిచి చేసేవే.

దారి మార్చినవాడు జపాను శస్త్రవైద్యుడు కాంజీ ఇనోయె. 1982లో ఆయన తొడ సిర గుండా బుడగను పంపి, అంటుకుపోయిన మైట్రల్ రెక్కలను విడదీశాడు. కీళ్లవాతపు జ్వరం ప్రబలిన మన దేశానికి ఇంతకు మించిన ఉపకారం అరుదు. ఫ్రాన్సులో అలెన్ క్రిబియే 1985లో బృహద్ధమని కవాటానికీ బుడగను వాడాడు గాని, తెరుచుకున్న కవాటం కొన్ని నెలలకే మళ్లీ ఇరుకయ్యేది. పదిహేడేళ్లు పట్టుబట్టి, 2002 ఏప్రిల్ 16న, శస్త్రచికిత్సకు తగడని వదిలివేసిన 57 ఏళ్ల రోగికి తొడ సిర మార్గానే కొత్త కవాటం అమర్చాడు. రోగి కొన్ని నెలలకు ఇతర చిక్కులతో మరణించినా, మార్గం మిగిలింది. అదే నేటి టావి.

గాయం చిన్నదైతే నర్సు పని తగ్గుతుందని కొందరు అనుకుంటారు. నిజానికి కాపలా పెరిగింది. గజ్జలో కనబడే చుక్క రక్తం కన్నా కడుపు వెనుక చేరే రక్తం ప్రమాదకరం. నడుమునొప్పి, పడిపోయే రక్తపోటు దాని ఆనవాళ్లు. పాదంలో నాడి తడమాలి. మూతి వంకరపోయినా, మాట తడబడినా పక్షవాతాన్ని శంకించాలి. కొత్త కవాటపు లోహపు చట్రం గుండె విద్యుత్ మార్గాన్ని ఆనుకొని ఒత్తుతుంది గనుక గుండె వేగం హఠాత్తుగా మందగించవచ్చు. కొందరికి పేస్‌మేకర్ తప్పదు. ఈ మందగింపు ఒక్కొక్కప్పుడు రోగి ఇల్లు చేరిన తరువాత బయటపడుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఛాతీ కోత రోగి వారాల తరబడి పెద్దాసుపత్రి కళ్లముందుండేవాడు. టావి రోగి చాలాసార్లు కొద్దిరోజులకే ఊరు చేరుతాడు. అతడు కళ్లు తిరిగి పడిపోతే ముందుగా నాడి పట్టేది గుండెవార్డు సిస్టరు కాదు. కర్నూలు వైద్యకళాశాల 1957 నాటిది, నంద్యాలకు 2023లో వచ్చింది. ఈ చదువు ఆ గోడల మధ్య ఆగక మండల కేంద్రాల నర్సులకూ చేరాలని నా అభిప్రాయం. అందులో ఖరీదైన పనిముట్లేమీ లేవు. కీళ్లవాతపు జ్వరం వచ్చిన పిల్లకు మూడువారాల కొకసారి పెన్సిలిన్ సూది తప్పిపోకుండా చూడడం, ఆయాసపడే గర్భిణిని కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు అడగడం: "చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చిందా అమ్మా? రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకొని పడుకుంటున్నావు?"