తువ్వాలు కింది వేళ్ళు

ఆ తెంకాయ మట్టలు ఇంకో రెండు మంటలోకి తొయ్యండిరా. మార్గళి చలి ఆనమలై మీది నుంచి నేరుగా మన తోటలోకే దిగతా ఉండాది. ఏమన్నావు చిన్నోడా, అరవై లక్షల జర్మనీ కారా? కోయమ్ముత్తూరు అవినాశి రోడ్డు షోరూములో ధర కాగితం చేతికిచ్చి, "ఇంతే సార్, తగ్గేది లేదు" అన్నారా? సరే, కాగితం అట్ల పక్కన పెట్టు. ముందు సంత సంగతి చెప్తా.

మన పొల్లాచ్చి పశువుల సంత ఇప్పటికీ మంగళవారం, గురువారం కూడతా ఉంది గదా. ఆంధ్ర నుంచి, కర్ణాటక నుంచి పశువులు వచ్చేది, ఈడి నుంచి కేరళకు పోయేది. నేను పిల్లోడుగా ఉన్నప్పుడు మా నాయన వెంట పోతా ఉంటిని. ఒంగోలు దిక్కు నుంచి వచ్చినోళ్ళు మా మాట విని నవ్వేవాళ్ళు, "ఇదేం తెలుగయ్యా, సగం అరవమే" అని. వాళ్ళ తెలుగేమో మాకు సినిమాలో తెలుగు మాదిరి వినబడేది. ధర దగ్గరికి వచ్చేసరికి ఏ భాషా అక్కర్లేదు. అమ్మేవాడు, బేరం కుదిర్చే తరగరు ఎదురెదురుగా నిలబడి, చేతుల మీద తువ్వాలు కప్పుకొనేది. లోపల వేళ్ళు పట్టుకోవడమే. ఎన్ని వేళ్ళంటే అన్ని నూర్లో, అన్ని వేలో, ఎద్దును చూసినోడికి తెలిసిపోతుంది. పక్కనోడికి మాత్రం తెలియకూడదు. ఈ ఎద్దు ఎంతకు పోయిందో తెలిస్తే వాడు ఆడి నుంచే తన బేరం మొదలుపెడతాడు.

మా నాయన దగ్గర ఇంకో గుట్టు ఉండె. పళ్ళు, సుళ్ళు, గిట్టలు, నడక అన్నీ చూసేవాడు గానీ, నచ్చిన ఎద్దు దగ్గర తక్కువసేపు, నచ్చని ఎద్దు దగ్గర ఎక్కువసేపు నిలబడేవాడు. తరగరు కండ్లు ఎద్దు మీద కాదు, కొనేవాడి మొగం మీద ఉంటాయి అనేవాడు.

మన ఊర్ల బండ్ల కథ మాత్రం వేరే. కలంగల్ ఊరి జి.డి.నాయుడు గారు, మన తెలుగాయనే, స్టేన్స్ దొర సాయంతో బస్సు కొని 1920లో ఇదే పొల్లాచ్చి నుంచి పళనికి తానే తోలినాడు. ఆ ఒక్క బస్సే పెరిగి యూఎంఎస్ అనే బస్సు కంపెనీ అయింది. కోయమ్ముత్తూరులో 2015లో ఆయన ఇంటోళ్ళు పాత కార్ల మ్యూజియం తెరిచినారు, పిల్లల్ని తీసుకపోయి చూపించు. అయితే ఆయన కాలంలో కారంటే దొరలకు, జమీందార్లకు. మన సేద్యగాండ్లకు కారు ఆశ పుట్టింది పరంబికుళం–ఆళియారు నీళ్ళు పారి, తెంకాయ తోటలు లేచినాకే.

ఆశ పుట్టింది గానీ కారేది? అంబాసిడరు, ఫియట్, మదరాసులో చేసిన స్టాండర్డు హెరాల్డు, ఈ మూడే. ధర సర్కారు చేతిలో. 1969లో ఆర్డరు వేసి ఇంకా బిగించింది, కంపెనీలోళ్ళు సుప్రీంకోర్టు దాకా పోయినారు. కొనేవాడు డబ్బు కట్టి, పేరు రాయించి, ఏండ్లకేండ్లు కాచుకోవాల. ఫియట్ కోసం పేరు రాయించినోడి బిడ్డ పెండ్లి అయిపోయింది, కారు రాలా. వరసలో ముందున్నోడు వచ్చిన కారును పైడబ్బుకు అమ్ముకొనేది. ఎద్దుకు అంత బేరమాడిన మా నాయన పాత అంబాసిడరు కొనేటప్పుడు నోరు తెరవలా. అమ్మేవాడు ఒక్కడు, కాచుకున్నోళ్ళు నూరుమంది అయితే వేళ్ళకు పని లేదు.

అది మారింది మెల్లగా. 1983 డిసెంబరులో మారుతీ వచ్చింది, మరుసటేడు కాంటెస్సా. కాంటెస్సా అంటే అప్పట్లో పెద్ద గౌండరు కారు. మన ఊర్లో సినిమా షూటింగు జరిగితే పెద్దమనిషి వేషానికి అదే. 1995లో పూణేలో బెంజి కారు కూర్చడం మొదలయింది. ఆ తర్వాత ఒకనాడు సేల్సు అబ్బాయి ఒకడు టై కట్టుకొని, ఫైలు పట్టుకొని మన తోట గేటు దగ్గరికే వచ్చినాడు. ఆ దినమే మీ అవ్వతో అన్నా, ఇంక సంత మొదలయిందే అని.

నాకు విడ్డూరం ఏమంటే, మన తోటగాండ్లు తెంకాయ వ్యాపారితో ఒక్కో కాయకు పైసాల లెక్క కొట్లాడతారు. కాయ చిన్నది, నీళ్ళు తక్కువ అని వాడు అంటే గంటసేపు వాదం. అదే మనిషి ఏసీ షోరూములో కాఫీ ఇచ్చి, "సార్" అంటే చూపించినచోట సంతకం పెట్టేస్తాడు. కాఫీకి అంత మొగమాటమేమిరా?

ఇప్పుడు నీ కాగితం తియ్. ఇందులో పైన రాసిన షోరూము ధర ఒక్కటి, కింద ఆఖరు మొత్తం ఒక్కటి. నువ్వు మాట్లాడాల్సింది ఆ ఆఖరు అంకె గురించే. మధ్యలో వరసలు రెండు జాతులు. సర్కారుకు పోయేది ఎవుడూ తగ్గించలేడు. తమిళనాట 2023 నవంబరు నుంచి ఇరవై లక్షలు దాటిన కారుకు రోడ్డు టాక్సు నూటికి 20. అరవై లక్షలకు దాదాపు పన్నెండు లక్షలు అక్కడే పోయె. పది లక్షలు దాటిన కారుకు ఇంకో 1 శాతం ముందుగా పట్టుకుంటారు, అది ఆదాయపన్ను లెక్కలో నీకు తిరిగి జమ. సేద్యం డబ్బే గదా, నాకు లెక్కెందుకు అని రిటర్ను వేయనోడికి ఆ అరవై వేలు చేతికి రావు.

మిగతావన్నీ వాళ్ళ తువ్వాలు కింద ఉండేవి. ఇన్సూరెన్సు వాళ్ళ దగ్గరే తీసుకోవాలని చట్టం లేదు, బయట అడిగి ఆ కాగితం తీసుకపో. హ్యాండ్లింగు చార్జీ అని ఒకటి రాస్తారు, అది ఎందుకని అడిగి కొట్టేయించు. మ్యాట్లు, సీటు కవర్లు, పాలిషు ఊరికే ఇస్తామంటారు. వద్దు, ఆ డబ్బు బిల్లులోనే తగ్గించమను. పాత కారు మార్పిడి సంగతి కొత్త కారు ధర తేలేదాకా ఎత్తొద్దు. ఈడ తగ్గించి ఆడ లాగతారు. బ్యాంకు లోను మాట కూడా ఆఖరునే.

మొన్న మన చుట్టంలో ఒకనికి ఒక షోరూములో లక్షల తగ్గింపని గొప్పగా చెప్పినారు. తీరా చూస్తే 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గింది గదా, పెద్ద సెడానుకు సెస్సుతో కలిపి 48 ఉన్నది 40కి దిగింది, అదే ఆ తగ్గింపు. సర్కారు విడిచింది వాళ్ళు దానం చేసినట్లు చెప్పుకున్నారు. నువ్వు పాత ధర, కొత్త ధర రెండూ రాసుకొని పో.

ఇప్పుడు డిసెంబరు ఆఖరు, నీకిది మంచి వేళ. ఏడాది టార్గెటు తీరాలని వాళ్ళకు తొందర. జనవరిలో ధర పెరగతాదని బెదిరిస్తారు, జర్మనీ కంపెనీలు నిజంగానే ఏటేటా పెంచతాయి. కానీ ఆర్సీలో కారు తయారైన నెల, సంవత్సరం పడతాయి. రేపు నువ్వు అమ్మేటప్పుడు పది దినాల కారు కూడా ఒక ఏడాది పాతదే. ఆ నష్టానికి సరిపడా తగ్గించమని అడుగు. మదురైలో ఒకటి, చెన్నైలో ఒకటి ధర కాగితాలు తెప్పించుకొని జోబులో పెట్టుకో. ఒక్క అంకె చెప్పు, ఊరకుండు. మాట్లాడకుండా కూర్చోవడం అలవాటు లేనోడే ముందు తగ్గతాడు. మేనేజరు లోపలికి పోయి వస్తాడు, మళ్ళీ పోతాడు. పోనీ. నీ అంకెకు రాకపోతే అచ్చారం ఇవ్వకుండా లేచి వచ్చెయ్. ఫోను వాళ్ళే చేస్తారు, చేయకపోతే నీ అంకె తప్పు, ఇంకొంచెం పెంచుకో.

ఇంకొక్క మాట. శనివారం పోయేటప్పుడు నీ చిన్నదాన్ని తోటలోనే విడిచిపో. పోయినసారి ఆ ఎర్ర సీట్లు చూసి "నాన్నా, ఇదే!" అని షోరూమంతా వినబడేటట్లు అరిచిందంట. ఆ అరుపు ఖరీదు తక్కువలో తక్కువ లక్ష.