ఒక్క స్టిక్కర్ కోసం 44 ఏళ్లు: అపోస్టిల్ కథ

పిడుగురాళ్ల సున్నం బట్టీల మధ్య పెరిగిన కుర్రాడు డిగ్రీ సర్టిఫికెట్ పట్టుకుని విదేశం వెళ్తే, అక్కడి ఆఫీసుకి వచ్చే మొదటి అనుమానం ఒకటే. ఈ సంతకం అసలుదేనా?

ఒకప్పుడు దీనికి జవాబు ముద్రల మీద ముద్రలు. రాష్ట్ర ప్రభుత్వం ఒకటి వేస్తుంది, దాని మీద ఢిల్లీలో విదేశాంగ శాఖ, ఆ పైన వెళ్లే దేశపు ఎంబసీ. ఒకరి సంతకానికి ఇంకొకరు సాక్ష్యం అన్నమాట!

ఈ చివరి మెట్టు తీసేయడానికే 1961 అక్టోబరు 5న హేగ్‌లో ఒక ఒప్పందం కుదిరింది. కాగితం ఇచ్చిన దేశమే ‘అపోస్టిల్’ అనే ధ్రువీకరణ అంటిస్తే, సభ్యదేశాల్లో ఎంబసీ ముద్ర అక్కర్లేదు. మనకిది అమల్లోకి వచ్చింది 2005 జులై 14న. దాదాపు 44 ఏళ్లు పట్టింది.

అయితే అపోస్టిల్ చెప్పేది సంతకం, హోదా, ముద్ర నిజమైనవని మాత్రమే. లోపల రాసింది నిజమని కాదు. మీ బర్త్ సర్టిఫికెట్‌లో గుంటూరు జిల్లా ఉండి, 2022 ఏప్రిల్ తర్వాత తీసుకున్న కాగితాల్లో పల్నాడు జిల్లా ఉంటే, ఆ తేడాని అపోస్టిల్ సరిచేయదు. ‘అపోస్టిల్ ఉంటే వీసా గ్యారంటీ’ అనే ఏజెంటు మాట నమ్మకండి.

ఇంకో మెలిక. మన చేరికకు జర్మనీ అభ్యంతరం చెప్పింది, కాబట్టి ఆ దేశంతో మనకీ ఒప్పందం పనిచేయదు. మనవాళ్లు దశాబ్దాలుగా వెళ్తున్న సౌదీలో ఇది మొదలైంది 2022 డిసెంబరు 7నే. కెనడాలో అయితే 2024 జనవరి 11న.