నాలుగు టెలిస్కోపులు, ఒకే కన్ను

ఫోన్‌లో ఎంత జూమ్ చేసినా నక్షత్రం చుక్కలాగే ఉంటుంది కదా? వందేళ్ల కిందట పెద్ద టెలిస్కోపులతో చూసినా పరిస్థితి అదే. మరి ఆ చుక్క సైజు కొలిచేదెలా?

1868లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఫిజో ఒక ఐడియా చెప్పాడు. నక్షత్రం వెలుగుని దూరదూరంగా ఉన్న రెండు చోట్ల పట్టి కలపాలి. తరంగాలు కలిసినప్పుడు వెలుగు, చీకటి చారలు పడతాయి. ఆ రెండు చోట్ల మధ్య దూరం పెంచుతూ పోతే, ఒక దగ్గర చారలు మాయమవుతాయి. ఆ దూరాన్ని బట్టి సైజు లెక్కకట్టొచ్చు.

1920 డిసెంబరులో అమెరికాలోని మౌంట్ విల్సన్ మీద మైకెల్సన్, పీస్ ఇదే చేశారు. 100 అంగుళాల టెలిస్కోప్ మూతి మీద 20 అడుగుల ఉక్కు దూలం పెట్టి, దానికి అద్దాలు బిగించి, బెటెల్‌గూస్, అంటే మన ఆర్ద్రా నక్షత్రాన్ని కొలిచారు. సూర్యుణ్ణి వదిలేస్తే, ఒక నక్షత్రం వ్యాసాన్ని ఇలా నేరుగా కొలవడం అదే మొదటిసారి. తర్వాత పీస్ 50 అడుగుల దూలం కట్టాడు కానీ నమ్మదగ్గ ఫలితాలు రాలేదు. దూలం పొడుగు పెంచే దారి అక్కడే ఆగిపోయింది.

అయితే దూలమే తీసేస్తే? 1974లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో లాబేరీ అదే చేశాడు. 12 మీటర్ల దూరంలో విడివిడిగా ఉన్న రెండు చిన్న టెలిస్కోపుల వెలుగుని కలిపి, వేగా నక్షత్రం చారలు పట్టాడు.

అసలు కష్టం సింక్ దగ్గరే. వెలుగు ఒక టెలిస్కోప్‌కి ముందు, ఇంకోదానికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. డేటా అయితే బఫర్‌లో పెట్టి ఆపుతాం. వెలుగుని అలా ఆపలేం. అందుకే ముందొచ్చిన వెలుగుని చుట్టుదారిలో తిప్పుతారు. సొరంగంలో పట్టాల మీద అద్దాల బండ్లు నడుస్తుంటాయి. భూమి తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆ బండ్లూ కదులుతూనే ఉండాలి. తేడా మిల్లీమీటరులో వెయ్యో వంతు స్థాయికి దిగాలి!

2001 అక్టోబరులో చిలీలోని పరనాల్‌లో 8.2 మీటర్ల టెలిస్కోపులు రెండింటిని, 102 మీటర్ల దూరంలో ఉన్నవాటిని, ఇలా కలిపారు. 2018లో అక్కడే నాలుగింటినీ కలిపి, మన గెలాక్సీ మధ్యలోని బ్లాక్ హోల్ పక్కనుంచి ఎస్2 నక్షత్రం దూసుకెళ్లడాన్ని కొలిచారు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఇలా కలిపితే 130 మీటర్ల అద్దానికి ఉండేంత సూక్ష్మ దృష్టి వస్తుంది. అంత వెలుగు మాత్రం రాదు. అందుకే బాగా మసకగా ఉన్నవాటికి ఇప్పటికీ పెద్ద అద్దాలే కావాలి. వెలుగు పోగేయడం ఒక పని, వివరం చూడడం ఇంకో పని. ఆ రెండో పనికి దారి చూపించింది ఫిజో చారలే.