రానున్న ఆట కొఱకు నిరీక్షణము

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము" అను సామెత మన పల్లెలలో ఎఱుగనివారు లేరు. వీడియో గేముల విషయమున నేటి బాలురును యువకులును చూపు ఆరాటమును గన్న పెద్దలకు మొదట స్ఫురించునది ఈ సామెతయే. ఇంకను తయారు కాని ఆటకు పేరు పెట్టుదురు. దాని చిత్రములు లోకమంతట చూపుదురు. విడుదల దినమును ప్రకటింతురు. ఆ దినము వచ్చులోపల దానిని వాయిదా వేయుదురు. అయినను మన కుఱ్ఱవారు సెల్‌ఫోనులలో ఆ వార్తలను వెదకుచు నెలలకు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు గడుపుదురు. ఇది మహానగరముల ముచ్చట మాత్రమే కాదు. తిరువూరు ప్రాంతమందలి పెనుగొలను వంటి గ్రామములలోని పిల్లల చేతులలోను ఆ సెల్‌ఫోనులే యున్నవి. దీనిని వెఱ్ఱి యని త్రోసివేయుట సులభము. కాని ఈ నిరీక్షణమునకు ఒక చరిత్ర కలదు. ఆ చరిత్ర తెలిసినగాని మన మనుమలకు మనము చెప్పదగిన మాట యేదో తేలదు.

పూర్వకాలమున ఎదురుచూపు లేకపోలేదు. అయితే నాటివారు ఎదురుచూచినది ఆటకొఱకు కాదు, ఆట కాలము కొఱకు. సంక్రాంతి వచ్చినగాని గాలిపటమునకు వేడుక లేదు. ఎండ మండు వేసవి మధ్యాహ్నములందు స్త్రీలు వామనగుంటల పీటను ముందిడుకొని చింతపిక్కలు పంచుకొనెడివారు. గవ్వలు వేసి ఆడు అష్టాచెమ్మ, రాతిబండలపై గీతలు గీచి ఆడు పులిజూదము, నిచ్చెనలును పాములును గల వైకుంఠపాళి, ఇవన్నియు తాతల తాతలు ఆడినవే. వానిని కల్పించినవాడెవడో తెలియదు. వానికి విడుదల దినము లేదు. పంచాంగమే వాని దినమును నిర్ణయించెడిది. ఆ దినము ఎన్నడును వాయిదా పడలేదు.

వెల యిచ్చి కొనెడి ఆటవస్తువులును ఉండెడివి. 2022లో ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో మన పెనుగొలనుతోపాటు కొండపల్లియు చేరియున్నది. అచ్చటి బొమ్మల పనివారు తెల్లపొణికి కఱ్ఱను ఆరబెట్టి, బొమ్మ అవయవములను వేఱువేఱుగా చెక్కి, చింతగింజల పొడియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతికి, పిమ్మట రంగులు వేయుదురు. కఱ్ఱ ఆరువఱకు ఆగక తప్పదు. పండుగ సమీపించినదని పచ్చికఱ్ఱను చెక్కినచో బొమ్మ పగులును. పనివాడు ముందు బొమ్మను చూపును. కొనువాడు త్రిప్పి త్రిప్పి చూచును. పిమ్మట వెల చేతులు మాఱును. ఈ వరుసను శ్రోతలు జ్ఞప్తియందుంచుకొన వేడెదను. నేను చెప్పబోవు కథయంతయు ఈ వరుస తలక్రిందులైన కథయే.

తెరమీది ఆట పుట్టినపుడు దానికి వ్యాపారముతో సంబంధము లేదు. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ పరిశోధనశాలను చూడవచ్చు ప్రజల వినోదార్థమై విలియం హిగిన్‌బాథం అను భౌతికశాస్త్రజ్ఞుడు ఒక చిన్న గుండ్రని తెరపై టెన్నిస్ ఆటను కల్పించెను. 1972లో అటారి అను సంస్థ పాంగ్ అను ఆటను నాణెము వేసి ఆడు యంత్రముగా చేసి అంగళ్లలో నిలిపెను. అదే సంవత్సరమున మాగ్నవాక్స్ సంస్థ ఇంటి టెలివిజనుకు తగిలించుకొని ఆడు యంత్రమును అమ్మకమునకు తెచ్చెను. మన పట్టణములలో టీవీకి తగిలించి క్యాసెట్టు పెట్టి ఆడు యంత్రములు 1990 దశకమున వ్యాపించినవి. అంతవఱకు మన పిల్లలకు నిరీక్షణము లేదు. అంగడిలో ఏది దొరికిన అదియే క్రొత్త ఆట.

ముందు తేదీని నిర్ణయించి పిమ్మట ఆటను తయారుచేయు పద్ధతి ఎంత చేటు తెచ్చునో 1982లోనే లోకమునకు తెలిసినది. ఆ యేట ఈ.టీ. అను చలనచిత్రము మిక్కిలి ప్రసిద్ధి కెక్కెను. దానిని ఆటగా మలచి క్రిస్మసు పండుగకు అమ్మవలెనని అటారి సంస్థ నిశ్చయించెను. నెలలకొలది సాగవలసిన పనికి నిర్మాతకు దొరికినది దాదాపు ఐదు వారములు మాత్రమే. పండుగకు ఆట వచ్చినది గాని, ఆడినవారికి విసుగే మిగిలినది. లక్షలకొలది ప్రతులు అమ్ముడుపోలేదు. 1983లో న్యూ మెక్సికో రాష్ట్రమందలి అలమొగోర్డో పట్టణపు చెత్తగోతిలో ఆ సంస్థ తన సరకును పూడ్చిపెట్టెను. 2014లో ఆ గోతిని త్రవ్వగా ఈ ఆట ప్రతులు మరల బయటపడినవి. 1983 మొదలు రెండుమూడు సంవత్సరములు అమెరికాలో ఈ వ్యాపారమంతయు కుప్పకూలెను. అది ఒక్క ఆట చేసిన చేటు కాదు. నాసిరకపు ఆటలు వెల్లువగా వచ్చుటయు అందులకు కారణమే. అయినను పచ్చికఱ్ఱ బొమ్మ పగులునను మాటకు ఇంతకంటె తార్కాణము వేఱొకటి కావలెనా?

ఇక జపాను సంగతి. 1988 ఫిబ్రవరి 10వ తేదీ బుధవారమునాడు డ్రాగన్ క్వెస్ట్ మూడవ భాగము అచ్చట విడుదలయ్యెను. మొదటి రెండు భాగములను ఆడి మూడవదానికై వేచియున్న జనము అంగళ్ల ముందు బారులు తీరెను. పాఠశాలల నెగగొట్టి వచ్చిన బాలురు ఆ బారులలో కనబడుటచే పెద్ద అలజడి పుట్టెను. అచ్చటి పెద్దలు ఆటను నిషేధింపలేదు. నాలుగవ భాగము 1990 ఫిబ్రవరి 11వ తేదీన వచ్చెను. అది ఆదివారము, జపానీయులకు జాతీయోత్సవ దినము కూడ. అనగా యంత్రపు ఆటకును పంచాంగము కావలసివచ్చినది. చదువుదినము చదువునకు, సెలవుదినము ఆటకు అను పాత కట్టుబాటునే వారు మరల పాటించిరి. మన పెద్దలు గ్రహింపదగిన యుక్తి యిందున్నది.

ఈ నిరీక్షణము వెనుకనున్న ధనమెంతయో తెలిసినచో మన మనుమలు ఒంటరిగా వెఱ్ఱివారు కారని బోధపడును. 2013 సెప్టెంబరు 17న విడుదలైన గ్రాండ్ తెఫ్ట్ ఆటో ఐదవ భాగము మూడు దినములలో 100 కోట్ల డాలర్ల అమ్మకము సాధించెను. హైదరాబాదున జన్మించిన మన సత్య నాదెళ్ల అధిపతిగానున్న మైక్రోసాఫ్ట్ సంస్థ, యాక్టివిజన్ బ్లిజర్డ్ అను ఆటల సంస్థను దాదాపు 6,870 కోట్ల డాలర్లకు కొనబూని, 2023 అక్టోబరు 13న ఆ క్రయమును ముగించెను. ఇంత ధనము కేవలము యంత్రములకు, మేడలకు ఇచ్చిన వెల కాదు. రాబోవు ఆటకై కోట్లమంది వేచియుందురను నమ్మకమునకు ఇచ్చిన వెల. పిల్లవాని యెదురుచూపే అచ్చట మూలధనము.

మూలధనమైనచో దానిపై ముందుగానే వడ్డీ గుంజ జూచుట వర్తకుల స్వభావము. ఆట తయారు కాకమునుపే వెల చెల్లించి తమ ప్రతిని నిలుపుకొను ఏర్పాటు అట్లు వచ్చినదే. పోలండు దేశపు సీడీ ప్రాజెక్ట్ అను సంస్థ సైబర్‌పంక్ 2077 అను ఆటను చేయుచున్నట్లు 2012లోనే చాటెను. 2020 ఏప్రిలులో రావలసిన ఆట మొదట సెప్టెంబరునకు, పిమ్మట నవంబరునకు జరిగి, తుదకు డిసెంబరు 10న వచ్చెను. అప్పటికే 80 లక్షల ప్రతులకు ముందుగా కొనుగోళ్లు జరిగియుండెను. పాతరకపు యంత్రములలో అది సరిగా నడువనే లేదు. సోనీ సంస్థ దానిని తన అంగడినుండి తొలగించి, కొన్నవారికి సొమ్ము తిరిగి యిచ్చెను. 2021 జూనులో గాని అది మరల అచ్చటికి రాలేదు. ఆ పిమ్మట నిర్మాతలు సంవత్సరములకొలది శ్రమించి లోపములు దిద్ది, 2023 నాటికి దానిని మెచ్చదగిన ఆటగా చేసిరి. బొమ్మను చూడక వెల యిచ్చినవారు మోసపోయిరి. ఆగినవారు మంచి బొమ్మను చవుకగా కొనిరి.

ఇందు మఱియొక దుఃఖము కలదు. తేదీ దగ్గఱపడిన కొలది ఆ ఆటను చేయువారికి నిద్రాహారములు కరవగును. ఈ సైబర్‌పంక్ ఆట తుదినెలలలో పనివారిని వారమునకు ఆఱు దినములు పనిచేయవలెనని ఆజ్ఞాపించిరి. ఈ పరిశ్రమ మనకు దూరమైనది కాదు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అను అమెరికా సంస్థకు హైదరాబాదున నిర్మాణశాల కలదు. గ్రాండ్ తెఫ్ట్ ఆటోను చేయు రాక్‌స్టార్ సంస్థకు బెంగుళూరున శాఖ కలదు. ఒక ఇంటి మనుమడు ఆట ఆలస్యమైనదని అలుగుచుండ, మఱియొక ఇంటి మనుమడు దానిని ముగింపలేక రాత్రులు మేల్కొనుచుండవచ్చును. వాయిదా పడినదని విన్నప్పుడు, కఱ్ఱ ఆరుచున్నదని తలచుట న్యాయము.

మన దేశమునను ఇట్టి నిరీక్షణము 2020లో వచ్చినది. ఆ సంవత్సరము సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వము 118 సెల్‌ఫోను సాధనములను నిషేధించెను. అందు పబ్జీ మొబైల్ అను ఆట యొకటి. తరువాత రెండు దినములకే, దేశీయమైన ఫౌజీ అను ఆట వచ్చుచున్నదని ప్రకటన వెలువడెను. అది 2021 జనవరి 26న విడుదలయ్యెను. అప్పటికి 40 లక్షలమందికి పైగా తమ పేర్లు నమోదు చేసికొనియుండిరి. పబ్జీ కూడ వేఱు పేరుతో 2021 జూలై 2న మరల వచ్చెను. ఆ పది నెలలు మన యిండ్లలో పిల్లలు పడిన ఆవేదనను చూచి పెద్దలు నవ్వియుందురు, లేదా కసరియుందురు. ఎందులకు వేచియున్నావని అడిగినవారు కొలదిమందియే.

అడుగవలసినది మఱియొకటి కలదు: ఇది క్రీడయా, ద్యూతమా? ఈ భేదము మనకు క్రొత్తది కాదు. ప్రాణములేని వస్తువులతో పందెమాడుట ద్యూతమనియు, ప్రాణులతో ఆడుట సమాహ్వయమనియు మనుస్మృతి విభజించి రెండింటిని నిషేధించినది. కౌటిల్యుడు ద్యూతాధ్యక్షుని నియమించి, ఒకేచోట ఆడించి, గెలిచిన సొమ్మున నూటికి ఐదు పుచ్చుకొనుమనెను. నిషేధమా, నియంత్రణమా అను వివాదము నాటినుండియు నున్నది. పందెము ఎంతవఱకు పోవునో మన పల్నాటి కథయే చెప్పును. కోడిపోరున ఓడిన మాచెర్లవారు ఏడేండ్లు దేశము విడిచిపోవలసివచ్చెను. తుదకు కారెంపూడిలో వీరుల నెత్తురు పాఱెను. అచ్చట ఆట కాదు చెఱిచినది, పణము చెఱిచినది.

నేటి శాసనములును ఈ మార్గమునే పట్టినవి. సొమ్ము ఒడ్డి ఆన్‌లైనులో ఆడు ఆటలను తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదము పొందిన కేంద్ర శాసనము, పోటీ క్రీడలను, వినోదపు ఆటలను ఒకవైపునను, ధనము ఒడ్డు ఆటలను మఱియొకవైపునను నిలిపి, రెండవవానిని నిషేధించినది. క్రొత్త ఆటకై వేచియుండు పిల్లవానిని, పేకాటలో సొమ్ము పోగొట్టుకొను వానిని ఒకే కొలతతో కొలచుట శాస్త్రమునకును శాసనమునకును సమ్మతము కాదు.

గ్రాండ్ తెఫ్ట్ ఆటో ఆఱవ భాగపు చరిత్రతో ముగించెదను. 2023 డిసెంబరున దాని మొదటి చిత్రమును చూపి 2025లో వచ్చుననిరి. 2025 మే నెలలో దానిని 2026 మే 26కు మార్చిరి. 2025 నవంబరులో మరల 2026 నవంబరు 19కి మార్చిరి. పనికి తుదిమెఱుగు కావలెనని కారణము చెప్పిరి. ఈ వరుసలోని ఐదవ భాగమునకు ఐరోపాలో 18 ఏండ్లు నిండినవారికే యను గుర్తు వేసియున్నారు. దొంగతనములు, కొట్లాటలు నిండిన కథ యగుటచే అది బాలుర ఆట కాదు. ప్రతి ఆటపైనను ఇట్టి వయస్సు గుర్తును చూచుటకు ఇంగ్లీషు పాండిత్యము అక్కఱలేదు. అంకె చదువ వచ్చిన చాలును.

కావున పెద్దలారా, మనుమడు రాబోవు ఆటను గూర్చి చెప్పవచ్చినపుడు వానిని తఱిమివేయకుడు. అది ఎవరు చేయుచున్నారు, ఏ వయస్సువారికి, అందు పణమున్నదా, ఇప్పుడే సొమ్ము అడుగుచున్నారా అని ప్రశ్నింపుడు. ఎదురుచూపు వాని హక్కు, దానిని ఉండనిండు. సొమ్మును మాత్రము బొమ్మ చేతికి వచ్చి, పదిమంది దానిని త్రిప్పి చూచిన పిమ్మటనే ఈయుడు. విడుదల దినము బడి దినమైనచో ఆదివారము వఱకు ఆగుమనుడు. ఓర్మితో చెప్పినచో వాడు వినును. వాడు చెప్పునది మీరును ఓర్మితో విన్నచో మఱింత వినును.