బడిని చూడవచ్చిన దొరలు

బడి తనిఖీ యనగానే మీలో చాలమందికి ఒక దృశ్యము కన్నులకు గట్టును. ముందునాడే కబురు వచ్చును. పంతులు బడి యలికించి ముగ్గు పెట్టించును. పిల్లలు తలకు నూనె రాచుకొని, ఉన్నవానిలో మంచి చొక్కా తొడిగికొని వత్తురు. ఏనాడును బడి గడప త్రొక్కని పసులకాపరి పిల్లలను గూడ ఆ పూటకు బుజ్జగించి తెచ్చి కూర్చుండబెట్టుదురు. దొర వచ్చును; హాజరుపట్టీ చూచును; రెండెక్కము లడుగును; మజ్జిగ త్రాగి, పుస్తకములో నాలుగు పంక్తులు వ్రాసి వెడలిపోవును. ఆ నాలుగు పంక్తుల చరిత్రమును నేడు మీతో ముచ్చటింపదలచితిని. నల్లగొండ, మహబూబునగరము జిల్లాలలో నూటయరువది యేండ్లుగా బడులను చూడవచ్చినవా రేమి చూచిరి, ఏమి చూడక విడిచిరి అనునదే నా విషయము. నేను ముప్పది యేండ్లకు పైగా పంతులుగా నుండినవాడను. కావున ఇందులో నా తప్పును కొంత కలదు, దానిని దాచను.

సర్కారు బడి రాకముందు మన యూళ్లలో వీథిబడి యుండెను. ఇసుకలో ఓనమాలు, తరువాత బాలశిక్ష, ఎక్కములు, చిట్టా వ్రాయుట. ఆ బడికి తనిఖీదారు ఊరే. పిల్లవానికి లెక్క రాకున్న పంటకాలమున పంతులుకు కొలిచెడి గింజలు తగ్గెడివి. ఇది గొప్ప ఏర్పాటని పొగడువారు కలరు. నేను అంతగా పొగడజాలను. ఆ బడి అరుగుమీదికి మాలమాదిగల బిడ్డలు ఎక్కుటకు వీలులేదు. ఆడపిల్లలు మిక్కిలి అరుదు. ఊరు తనకు కావలసినవారి చదువును మాత్రమే చూచుకొనెను.

1853లో సాలారుజంగు హైదరాబాదు సంస్థానమునకు దివానైన పిమ్మట పరిపాలన యొక దారికి వచ్చెను. 1859-60 ప్రాంతమున ప్రతి తాలూకాకును, జిల్లా ముఖ్యస్థానమునకును రెండేసి బడులు, ఒకటి పారసీకమునకు, ఒకటి దేశభాషకు, పెట్టవలెనని ఉత్తరువైనది. మొదట వాని మంచిచెడ్డలు రెవెన్యూ ఉద్యోగుల చేతిలో నుండినవి. శిస్తు వసూలు చేయు తాసీలుదారే బడినిగూడ చూచుకొనవలెను. ఆయనకు ఏది ముఖ్యమో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. క్రమముగా విద్యాశాఖ వేరుపడెను. పైన నాజిము, క్రింద సదరు ముహతమీము, ఆ క్రింద ముహతమీము అని అంతస్తు లేర్పడెను. 1884 తరువాత కచ్చేరీ భాష పారసీకమునుండి ఉర్దూకు మారెను. పాలమూరు 1890లో ఆరవ నిజాము పేర మహబూబునగర మైనది. ఊరి పేరు మారెను, కచ్చేరీ భాష మారెను. తనిఖీ పుస్తకములో వ్రాత మాత్రము ఊరివారికి తెలియని భాషలోనే యుండెను. తమ బిడ్డల చదువును గూర్చి దొర యేమని వ్రాసెనో తండ్రి చదువుకొనలేడు. ఆ పుస్తకము పై యధికారికే గాని ఊరికి కాదు.

ఇది మన సంస్థానపు దోషమే యనుకొనరాదు. కృష్ణకు ఆవలి గట్టున, కర్నూలు మొదలుగాగల మద్రాసు జిల్లాలలో, కుంపిణీవారు 1854 నాటి విద్యాశాసనము ననుసరించి డైరెక్టరును, ఇన్‌స్పెక్టర్లను నియమించిరి. కొంతకాలమునకు వారొక వింత పద్ధతి తెచ్చిరి. దీనికి మూలము 1862లో ఇంగ్లండున వచ్చిన నిబంధన. పరీక్షకుడు ఒక్కొక్క పిల్లవానిని పరీక్షించును. ఎంతమంది తేలినారో లెక్కించి బడికి అంత ధనసహాయ మిచ్చును. వినుటకు ఇంపుగానే యుండును. జరిగిన దేమనగా, పంతుళ్లు పరీక్షకుడడుగు పుటలను మాత్రమే పిల్లలచేత వల్లె వేయించిరి. తేలునని నమ్మకములేని మందమతులను ప్రక్కకు నెట్టిరి. ఇంగ్లండులో మాథ్యూ ఆర్నాల్డను కవి తానే బడుల పరీక్షకుడై యుండియు ఈ పద్ధతి చదువును చంపుచున్నదని మొరపెట్టెను. ఇరువదవ శతాబ్ది మొదట దానిని మానిరి.

మద్రాసు పరీక్షకులలోనే యేట్సు అను నొకడుండెను. ఉత్తరసర్కారులలో బడులు చూచుచు, పిల్లలు ఇంట పలుకు తెలుగొకటి, బడిలో చదువు తెలుగొకటి యేల అని పండితుల నడిగెను. ఆ ప్రశ్నయే గిడుగు రామమూర్తిపంతులుగారి వ్యావహారికభాషోద్యమమునకు ఒక ప్రేరణ యైనది. తనిఖీకి వచ్చి పిల్లవాని నోటివంక చూచిన దొర యితడు. (నే నిప్పుడు మాటలాడుచున్న యీ పుస్తకపు తెలుగు విని మీరు నవ్వుకొందురేమో. నా చదువట్టిది, యేట్సుదొర తప్పు కాదు.)

ఇక మన గట్టునకు వత్తము. 1924 ప్రాంతమున నిజాము ప్రభుత్వము ఖానగీ బడుల నిబంధనలు చేసెను. ఊరిలో నలుగురు కూడి, తమ ధాన్యమిచ్చి, తమ చావడిలో ఒక పంతులును పెట్టుకొనవలెనన్నను విద్యాశాఖవారి అనుమతి ముందుగా కావలెను. బాలశిక్ష చెప్పుకొనుటకు హుజూరు సెలవు! ఆ కాలముననే సభ జరుపుకొనుటకు సైతము సెలవడుగవలెనను గస్తీ నిశాన్ 53 కలదు. పాలకుల చూపులో బడియును సభయును ఒక్కటే. రెండుచోట్లను జనులు గుమిగూడుదురు. సంస్థానమంతటను నాలుగువేలకు పైబడియున్న ఖానగీ బడులు రెండుమూడేండ్లలో వేయి చిల్లరకు పడిపోయినవని ఆంధ్రోద్యమ చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. పోయిన బడులకు బదులు సర్కారు బడులు అన్ని యూళ్లకును రాలేదు.

ఇక్కడ నొకమాట న్యాయముగ చెప్పవలెను. గాలి వెలుతురు లేని కొట్టములో, చదువురాని పంతులు నడుపు బడిని చూచి, ఇది పనికిరాదని చెప్పు అధికారము ప్రభుత్వమునకు ఉండదగినదే. కాని బాగుచేయుటకు చూచుట వేరు, మూయుటకు చూచుట వేరు. నాటి తనిఖీ రెండవది. ఈ బాధయే ఆంధ్రమహాసభకు ఒక ముఖ్యవిషయ మైనది. 1931లో మన నల్లగొండ జిల్లా దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతను రెండవ సభ కూడెను. 1936లో షాద్‌నగరులో కొండా వెంకటరంగారెడ్డిగారి అధ్యక్షతను ఐదవది. ఖానగీ బడుల నిబంధనలు తీసివేయవలెనని మహాసభ అడుగుచునే యుండెను. అదే కాలమున నల్లగొండ నుండి నీలగిరి పత్రిక, హైదరాబాదు నుండి సురవరము ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక వెలువడినవి. చదువరులు లేనిదే పత్రిక బ్రదుకదు; కావున వారికి బడి బాధ తమ యింటి బాధయే. 1948 సెప్టెంబరులో నిజాము ఏలుబడి ముగిసెను. 1951 జనాభా లెక్కలలో హైదరాబాదు రాష్ట్రమున నూటికి పదిమందికైన అక్షరములు రావు.

1959లో పండిట్ నెహ్రూ షాద్‌నగరునకు వచ్చి ఆంధ్రప్రదేశములో పంచాయతీరాజ్యమును ప్రారంభించెను. (2016 నుండి ఆ యూరు రంగారెడ్డి జిల్లాలో చేరినది.) ప్రాథమిక పాఠశాలలు సమితుల క్రిందికి వచ్చెను. నేను పంతులైనది అట్టి సమితి బడిలోనే.

1971లో ఒక అధికారి మా బడికి వచ్చెను. ఊరి పేరు, ఆయన పేరు అడుగకుడు. మూడవ తరగతిలో ఒక పిల్లవాడు వాచకము తెరచి గడగడ చదువుచుండెను. గాలికి పుట తిరిగెను. వాడు క్రొత్త పుటమీద కన్నుంచి పాత పుటనే చెప్పుకొనిపోవుచుండెను. అధికారి చూచెను, ఆయన చూచుట నేను చూచితిని. ఇద్దరమును మాటాడలేదు. పుస్తకములో "సంతృప్తికరము" అని పడెను. నా కారోజు ఎంత హాయిగా నుండెనో చెప్పలేను.

నెల దిరుగకముందే ఆ పిల్లవాని తల్లి ఒక కార్డు పట్టుకొని వచ్చినది. పాలమూరు కూలీలు ఎక్కడెక్కడి ఆనకట్టలకు మట్టి మోసిరో మీకు తెలియును. వాని తండ్రి అట్టి పనికి పోయి యుండెను. "పోరనికి చూపిన, సదువలేకపోతున్నడు పంతులూ" అన్నది. నేను చదివి వినిపించితిని. మేస్త్రీ పంపుట లేదు, పండుగకు రాలేను అని యుండెను. ఆ కార్డు చదువుటకు పిల్లవానిని నేను మూడేండ్లు బడిలో కూర్చుండబెట్టుకొంటిని. హాజరుపట్టీలో వాని కొక్క సున్నయైన లేదు.

1985లో మండలములు వచ్చెను. పిమ్మట మండలమునకొక విద్యాధికారి. బడులు పెరిగినవి, పంతుళ్లు పెరిగిరి. అయినను మహబూబునగరము జిల్లాలో 1991లో నూటికి 30 మందికైన చదువు లేదు, 2001లో 44, 2011లో 55. నాడు ఇరువదిమూడు జిల్లాలలో మనదే కడపటిది. నల్లగొండ 64తో కొంత మేలు. ఇన్ని తనిఖీ పుస్తకములలో ఇన్ని "సంతృప్తికరము"లు పడగా ఈ యంకె లెట్లు వచ్చినవని ఎవరును అడుగలేదు. పట్టీలో పేరుండుట చదువగుననియే అందరమును నమ్మితిమి.

2005 నుండి చూపు కొంత మారెను. ప్రథమ్ అను సంస్థవారు అసర్ అను పరీక్ష మొదలిడిరి. జిల్లాకు ముప్పది యూళ్లు, ఊరికి ఇరువది యిండ్లు ఎంచుకొని, బడికి గాక ఇంటికే పోయి, పిల్లల చేతికి ఒక కాగిత మిత్తురు. అందు అక్షరములు, మాటలు, ఒకటవ తరగతి పేరా, రెండవ తరగతి కథ యుండును. ఎచ్చట ఆగిరో గుర్తు పెట్టుకొందురు, అంతే. సర్కారు సైతము 2017 నవంబరులో, 2021 నవంబరులో జాతీయ సాధన పరీక్షలు జరిపి, జిల్లా జిల్లాకు వేరువేరుగ ఫలితములు చెప్పెను. 2024 డిసెంబరులో మరల నొకటి జరిగెను. 2022లో తెలంగాణములో "తొలిమెట్టు" పేర ఒకటినుండి ఐదవ తరగతివరకు చదువు, లెక్కలపై శ్రద్ధ పెట్టిరి. నాటి రెండు జిల్లాలు ఎనిమిదైనవి కావున అంకెలు ఊరికి కొంత చేరువైనవి.

వీనిని నేను మెచ్చుకొందును. కాని పూర్తిగ నమ్మను. వేయికి మించిన యూళ్లలో ముప్పదిని చూచి జిల్లా సంగతి చెప్పవచ్చును గాని, మీ యూరి బడి సంగతి చెప్పరాదు. మరియు జిల్లాను జిల్లాతో పోల్చి మంచి చెడ్డ పేర్లు పెట్టినచో, వల్లెవేయించు పాత పంతులు మరల లేచునేమోనని నా భయము. గాలికి పుట తిరుగుట అన్నివేళల జరుగదు.

2009 విద్యాహక్కు చట్టము బడి యాజమాన్యసంఘములో మూడు పాళ్లు తలిదండ్రు లుండవలెననియు, సగము స్త్రీ లుండవలెననియు చెప్పెను. 2024లో మన రాష్ట్రమున మహిళాసంఘములనుండి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసిరి. ఆ వేసవి మా యూరిలో మరమ్మతులు చూచుటకు ఒక అధికారి వచ్చినప్పుడు నేనును వెళ్లితిని. రంగు వేసిన గోడలు, నీటికుళాయిలు అన్నియు చూచి ఆయన లేవబోవుచుండగా, కమిటీలోని ఒకామె కొంగుముడి విప్పి తన కూలిచీటీ తీసి, అచ్చటనున్న నాలుగవ తరగతి పిల్ల చేతిలో పెట్టెను. పిల్ల పేరు చదివెను, ఊరి పేరువద్ద తడబడి మరల చదివెను, పిమ్మట "ఆరు దినాలు" అనెను. "ఎనిమిది చేసిన" అన్నది ఆమె. అధికారి చీటీ తీసికొని తానును చదివి, లేచిన కుర్చీలోనే మరల కూర్చుండెను.